మనసుకు వాడే మాత్రలు: మొదలుపెట్టేటప్పుడు, మానేటప్పుడు

మన ఇళ్లలో బీపీ మాత్ర, షుగర్ మాత్ర అందరికీ కనబడేలా టీవీ పక్కనే ఉంటాయి. మనసు కుదుటపడడానికి డాక్టరు రాసిన మాత్ర మాత్రం బీరువాలో బట్టల కింద ఉంటుంది. దాచుకొని వేసుకునే మందు గురించి ఎవరినీ అడగలేం. పొరపాట్లు అక్కడే మొదలవుతాయి.

మాకు తెలిసిన ఒక చెల్లెలు రెండో కాన్పు తర్వాత నెలల తరబడి నిద్ర లేక, బిడ్డను ఎత్తుకోవడానికి కూడా మనసు రాక కుంగిపోయింది. కొందరు దిష్టి అన్నారు, కొందరు ఈమాన్ తక్కువన్నారు. చివరికి డాక్టరు రాసిన మాత్రలతో రెండు నెలల్లో తేరుకుంది. తగ్గింది కదా అని ఒక్కసారిగా మానేసింది. వారం తిరగకుండానే తల తిరుగుడు, గుండె దడ, ఏడుపు. మందు అలవాటైపోయిందని ఇంట్లోవాళ్లు భయపడ్డారు.

అది మత్తు అలవాటు కాదు. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు మెదడులోని సెరటోనిన్ అనే రసాయనంపై పనిచేస్తాయి. హఠాత్తుగా ఆపితే శరీరం తట్టుకోలేదు. అందుకే డాక్టరు మోతాదును మెల్లమెల్లగా తగ్గిస్తారు. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవారు కూడా కోలుకున్నాక కనీసం 6 నెలలు మందు కొనసాగించాలి. నిద్ర కోసం, ఆందోళన కోసం ఇచ్చే ఆల్‌ప్రజోలామ్ వంటి మాత్రలు వేరు. వాటికి నిజంగానే అలవాటు పడే ప్రమాదం ఉంది. చీటీ లేకుండా కొనకూడదు.

ఈ మందులు వేసుకున్న రోజే పనిచేయవు. మార్పు తెలియడానికి 2 నుంచి 4 వారాలు, పూర్తి ఫలితానికి 6 నుంచి 8 వారాలు పట్టవచ్చు. వికారం, తలనొప్పి, కంగారు మాత్రం మొదటి రోజుల్లోనే రావచ్చు. చాలామందికి అవి కొద్ది వారాల్లో తగ్గిపోతాయి. 25 ఏళ్ల లోపు వారిలో ఆరంభంలో చనిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది. ఆ వారాల్లో వారిని ఒంటరిగా వదలకుండా కనిపెట్టుకొని ఉండాలి. అలాంటి మాట వారి నోట వింటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

డాక్టరు దగ్గర ఏదీ దాచవద్దు. నొప్పికి వాడే ట్రమడాల్, ఐబుప్రొఫెన్ వంటివి ఈ మందులతో కలిస్తే ప్రమాదం కావచ్చు. గతంలో నిద్ర లేకుండానే విపరీతమైన హుషారుతో గడిపిన రోజులుంటే తప్పక చెప్పాలి. అది బైపోలార్ జబ్బయితే వైద్యమే మారుతుంది. గర్భం వస్తే మీ అంతట మీరే ఆపేయవద్దు. ఒకరి మాత్ర మరొకరికి ఇవ్వవద్దు.

రంజాన్‌కు ముందే డాక్టరును కలవండి. రోజుకు ఒకసారి వేసుకునే మాత్రను చాలావరకు ఇఫ్తార్ తర్వాతకో, సహరీ వేళకో మార్చుకోవచ్చు. లిథియం వాడేవారు నీరు తాగకుండా ఉంటే రక్తంలో ఆ మందు మోతాదు ప్రమాదకరంగా పెరగవచ్చు. జబ్బుపడినవారికి రోజా విషయంలో సడలింపు ఉందన్నది మనందరికీ తెలిసిందే.

2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీపగలూ ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ చెల్లెలు మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లింది. మందు మళ్లీ మొదలుపెట్టి, చెప్పినన్నాళ్లు వాడి, చెప్పిన తీరులోనే మానింది. మన ఇళ్లలో ఆ మాత్ర కూడా టీవీ పక్కకు రావాలి.