అన్నయ్యా అంటేనే మాట్లాడాలా?

ఇంజనీరింగ్ క్లాసులో అమ్మాయిలు ఒక వైపు, అబ్బాయిలు ఒక వైపు కూర్చోవడం ఎవరికీ కొత్త కాదు. మధ్యలో దారి రెండడుగులే. నాలుగేళ్లూ ఆ రెండడుగులు దాటకుండానే పట్టా పుచ్చుకున్నవాళ్లు బోలెడుమంది. "పిల్లలు బుద్ధిగా ఉన్నారు" అని పెద్దవాళ్లు సంతోషిస్తారు. ఆ బుద్ధికి ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో మాత్రం ఎవరూ లెక్క చూడరు.

మాది పార్వతీపురం మన్యం జిల్లా గుమ్మలక్ష్మీపురం. జాతాపులు, సవరలు ఎక్కువగా ఉండే కొండ ప్రాంతం. పోడులో విత్తనాలు చల్లినా, జీడిపిక్కలు ఏరినా, చింతపండు మూట సంతకి మోసినా ఆడామగా కలిసే చేస్తారు. ఊళ్లో ప్రతి ఒక్కరూ ఏదో ఒక వరసే. అన్న వరసైతే ఒక తీరు, బావ వరసైతే నలుగురి ముందే ఎకసెక్కాలు. ఎవరితో ఎంతవరకు మాట్లాడాలో ఆ వరసే చెప్పేస్తుంది.

అలాంటి ఊళ్లో పుట్టిన మేమే చదువుకని విడిపోతాం. ఆడపిల్లలది ఒక గురుకులం, మగపిల్లలది ఇంకో గురుకులం. వాటి మేలు మర్చిపోలేను. అవి లేకపోతే మాలో చాలామంది పదో తరగతి దాటేవాళ్లం కాదు. ఇంటర్‌కి వెళ్తే అక్కడా బాయ్స్ క్యాంపస్, గర్ల్స్ క్యాంపస్ వేరు. మైదాన ప్రాంతం పిల్లలదీ ఇదే కథ. చివరికి పద్దెనిమిదేళ్లకి కౌన్సెలింగ్‌లో సీటొచ్చి అందరం ఒకే క్లాసులో పడతాం. ప్రతి కేటగిరీలోనూ మూడింట ఒక వంతు సీట్లు అమ్మాయిలకి కేటాయించారు కాబట్టి సీటు దొరుకుతుంది. పక్క బెంచీవాళ్లతో మాట్లాడటం ఎవరు నేర్పుతారు?

మా క్లాసు అమ్మాయిలు దీనికో ఉపాయం కనిపెట్టారు. "అన్నయ్యా, రికార్డు ఒకసారి ఇస్తావా?" ఆ పిలుపు లేకుండా అడిగితే సాయంత్రానికల్లా రెండు పేర్లూ కలిపి కూసేవాళ్లు. అబ్బాయిలకీ అదే బాధ. ఒక అమ్మాయికి డౌట్ చెప్తే చాలు, "ఏంట్రా మామా, సెట్టయిందా?" అని వెనక బెంచీ మొదలెట్టేది. ఈ గొడవంతా ఎందుకని ఇద్దరూ మాటలు మానేసేవారు.

నష్టం ఎక్కడంటే, కబుర్ల దగ్గర. పాత ప్రశ్నపత్రాలు, ఏ ఎగ్జామినర్ ఏం అడుగుతాడు, ఏ కంపెనీ వస్తోంది... ఇవన్నీ బాయ్స్ హాస్టల్ వాట్సాప్ గ్రూపులో, రాత్రిపూట టీ బండి దగ్గర సీనియర్ల మధ్య తిరిగేవి. మా హాస్టల్ గేటు ఆరున్నరకే మూసేసేవారు. ఫైనలియర్‌లో ఒక కంపెనీ రిజిస్ట్రేషన్ లింకు రాత్రి ఆ గ్రూపులో పడింది. పొద్దున్న పదింటికి గడువు. మాలో ముగ్గురికి తెలిసేసరికి పన్నెండైంది. ఆ ముగ్గురిలో నేనూ ఉన్నాను. ఎవరూ కావాలని దాచలేదు. మాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు, అంతే.

క్లాసులో అమ్మాయి ఒంటరిగా మిగలడం మా తరంతో మొదలవలేదు. 1940లో అయ్యలసోమయాజుల లలిత అనే తెలుగమ్మాయి మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్‌లో చేరింది. పద్దెనిమిదేళ్లకే భర్తను పోగొట్టుకుంది, చేతిలో పసిబిడ్డ. తండ్రి పప్పు సుబ్బారావు అక్కడే ప్రొఫెసర్. వందలమంది అబ్బాయిల మధ్య ఆమె ఒక్కతే. ఆ ఒంటరితనం పోగొట్టాలని, అమ్మాయిలు కూడా చేరవచ్చని కాలేజీ ప్రకటన ఇచ్చింది. లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్‌లో చేరారు. లలిత పట్టాలో 'హీ' అని అచ్చయిన చోట కొట్టేసి 'షీ' అని రాసి ఇచ్చారట. ఆ కాలేజీ గోడ కట్టలేదు, తోడు తెచ్చింది.

మా కాలేజీలోనూ మాటలు కలిసిన చోటు ఒకటుంది, ల్యాబు. అక్కడ బ్యాచ్‌లు రోల్ నంబర్ల ప్రకారం వేశారు. నలుగురికి ఒకే బ్రెడ్‌బోర్డు. "ఆ వైరు పట్టుకో" అనడానికి వరస కలపక్కర్లేదు కదా! రెండో సెమిస్టర్‌కల్లా ఆ నలుగురిలో 'అన్నయ్యా' పోయి పేర్లు వచ్చాయి. పేర్లు కలిపి కూసేవాళ్లూ విసిగి ఊరుకున్నారు. తర్వాత మినీ ప్రాజెక్టుకి టీములు మమ్మల్నే ఎంచుకోమంటే మాత్రం మళ్లీ పాత కథే. అమ్మాయిలంతా ఒక జట్టు, అబ్బాయిలంతా ఒక జట్టు.

ఇప్పుడు ఆఫీసులో కొత్తగా చేరేవాళ్లలో అదే చూస్తున్నాను. మగ సీనియర్‌ని అడగడానికి జంకి, ఐదు నిమిషాల్లో తేలే తప్పుతో రెండు రోజులు కుస్తీ పట్టే అమ్మాయిలున్నారు. టీమ్ లీడ్ ఆడవాళ్లయితే తల దించుకుని మాట్లాడే అబ్బాయిలూ ఉన్నారు. నాలుగేళ్లలో రావాల్సిన అలవాటు జీతం తీసుకుంటూ నేర్చుకోవాల్సి వస్తోంది.

లెక్చరర్లకి నాదో మనవి. ల్యాబులాగే ప్రాజెక్టు టీములు కూడా రోల్ నంబర్లతోనే వేయండి. ప్లేస్‌మెంట్ కబురు ఏదైనా క్లాసంతా ఉన్న గ్రూపులోనే పెట్టించండి. మాట్లాడితే ఎవరైనా వేధిస్తారేమోనన్న తల్లిదండ్రుల భయం ఉత్తిది కాదు. దానికే ప్రతి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని యూజీసీ 2015 నిబంధనలు చెప్తున్నాయి. ఆ కమిటీలో ఎవరున్నారో, ఫోన్ నంబరేమిటో మొదటి రోజే పిల్లలకి చెప్పండి. గేటు ముందే మూయడం కంటే అది ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

మా కొండల్లో వరసను బట్టి మాట్లాడతారని చెప్పాను కదా. కాలేజీలోనూ ఒక వరసుంది, క్లాస్‌మేట్ అని. ఆ వరసకి అన్నయ్యా అనక్కర్లేదు. పేరు పెట్టి పిలిస్తే చాలు.