సూరత్ పత్తి, పేనుబంక, పార్లమెంటు

1968 నాటి కీటకనాశినుల చట్టం స్థానే కొత్త చట్టం తేదలచి కేంద్రం 2008లో ఒక బిల్లును, 2020 మార్చిలో మరొక బిల్లును రాజ్యసభ ముందుంచింది. ఆ ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు సూరత్ పత్తి పరిశోధన కేంద్రం స్ఫురిస్తుంది.

సూరత్ అనగానే మనవారికి మరమగ్గాలే జ్ఞాపకం. తెలంగాణ పద్మశాలి కుటుంబాలెన్నో అక్కడ బతుకుతున్నాయి. (ఆ మగ్గాలపై నేసేది అధికభాగం కృత్రిమ దారమే అన్నది వేరే ముచ్చట.) కాని ప్రపంచంలో తొలి వాణిజ్య సంకర పత్తి పుట్టింది కూడా ఆ ఊరిలోనే. గుజరాత్-67ను అమెరికన్ నెక్టరీలెస్ రకంతో సంకరపరచి డాక్టర్ సి.టి. పటేల్ రూపొందించిన హైబ్రిడ్-4 1970లో విడుదలైంది. దిగుబడితోపాటు ఎరువుల వాడకమూ పెరిగింది. ఏపుగా ఎదిగిన లేత ఆకులు రసం పీల్చే పురుగులకు విందయ్యాయి.

వానిలో పేనుబంక జంజాటం చిన్నది కాదు. జతకూడకుండానే ఆడపురుగు పిల్లలను కంటుంది. వారం పది రోజులలో ఆ పిల్లలే తల్లులవుతాయి. అది విసర్జించే తీపిజిగురుపై నల్లని బూజు పడుతుంది. విచ్చిన కాయలపై పడితే దూది అంటుకొని మిల్లులో నూలు వడకడం కష్టమవుతుంది. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి కాయతొలుచు పురుగుల కోసం వచ్చిందే గాని దీనిని ఏమీ చేయజాలదు.

శాస్త్రవేత్తలు చెప్పే ఉపాయం ఖర్చు లేనిది. వారం వారం చేలో అక్కడక్కడ ఇరవై మొక్కలు ఎంచి, ఒక్కొక్కదానికి పై, నడిమి, కింది ఆకులు తిరగేసి పురుగులను లెక్కించాలి. అక్షింతల పురుగులెన్నో కూడా చూడాలి. అవి దండిగా ఉంటే పేనును అవే తింటాయి. నష్టపరిమితి దాటినప్పుడే మందు. అదైనా చేనంతా చల్లక లేత కాండానికి కుంచెతో పూస్తే మిత్రపురుగులు బతుకుతాయి.

ఈ లెక్క రైతుకు నేర్పేదెవరు? వ్యవసాయాధికారి ఎప్పుడో గాని కనబడడు. మందుల దుకాణదారు ఎల్లవేళలా ఉంటాడు. ఆయన లెక్క సీసాలలో! 1980 దశకంలో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పైరిత్రాయిడ్లు ఎడాపెడా చల్లగా తెల్లదోమ విజృంభించింది. 1987లో అప్పులపాలైన పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

2020 మేలో 27 మందుల నిషేధానికి కేంద్రం ముసాయిదా ప్రకటించింది. మోనోక్రోటోఫాస్, ఎసిఫేట్ అందులో ఉన్నాయి. 2023 వచ్చేసరికి వేటు పడింది మూడు నాలుగింటిపైననే. సరే, నిషేధాల మాట అటుంచినా, ఆకు తిరగేసి చూపే మనిషిని పల్లెకు పంపవలసిన బాధ్యత ఎవరిది? వ్యవసాయం రాష్ట్రాల జాబితాలోనిదని ఢిల్లీ తప్పుకుంటుంది. రాష్ట్రాలు తమ ఖజానా చూపుతాయి.