ఒక శాసనము, రెండు లెక్కలు
(అమెరికా గృహవసతి చట్టము, 1949)

ఇల్లు కట్టుట తాపీపనివాని పని. ఆ ఇంటిలోనికి గాలి, వెలుతురు వచ్చుచున్నవా, మురుగునీరు సరిగా పోవుచున్నదా అని చూచుట ఆరోగ్యశాఖవారి పని. కాని ఒక నగరములో వేలకొలది ఇండ్లు మనుషులు కాపురముండుటకు పనికిరానివైనపుడు, వానిని పడగొట్టి క్రొత్తవి కట్టించు భారము ఎవరిది? ఇంటి యజమానిదా, పురపాలక సంఘముదా, దేశప్రభుత్వముదా? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రములు 1949లో శాసనరూపమున ఒక సమాధానము చెప్పినవి. ఆ సమాధానములోని మేలును, లోపమును కూడ తెలిసికొనదగినవి.

శాసనమునకు పూర్వము

అమెరికా యనగానే ఆకాశమునంటు మేడలు మన మనసులో మెదలును. కాని 1940 జనాభా లెక్కల ప్రకారము ఆ దేశములో నూటికి 45 ఇండ్లకు వేడినీరు, చన్నీరు వచ్చు కుళాయిలు, స్నానపు తొట్టి, నీటితో శుభ్రపడు మరుగుదొడ్డి, ఈ మూడును పూర్తిగా లేకుండెను. దేశప్రజలలో మూడవవంతు మందికి తగిన ఇల్లు, బట్ట, తిండి లేవని అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు 1937లో చెప్పియుండెను. ఆ సంవత్సరమే పేదలకు ప్రభుత్వ గృహములు కట్టించుటకు మొదటి శాశ్వత చట్టము వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధము మూలమున ఆ పని చాలవరకు ఆగిపోయెను. యుద్ధము ముగిసి లక్షలకొలది సైనికులు తిరిగి వచ్చుటతో ఇండ్ల కరవు మరింత హెచ్చెను.

1945 నుండి వాగ్నర్, ఎలెండర్, టాఫ్ట్ అను ముగ్గురు సెనేటర్లు క్రొత్త చట్టము కొరకు కృషిచేసిరి. ఇండ్లు, స్థలముల వ్యాపారుల సంఘములు దీనిని తీవ్రముగా ఎదిరించినవి. నాలుగేండ్ల వాదోపవాదముల పిమ్మట 1949 జులై 15న అధ్యక్షుడు ట్రూమన్ దానిపై సంతకము చేసెను. ప్రతి అమెరికను కుటుంబమునకును మంచి ఇల్లు, తగిన పరిసరములు సమకూర్చుట జాతీయ లక్ష్యమని ఆ చట్టము ప్రకటించెను.

మురికివాడ నేల ఏల ప్రియము?

చట్టములోని మొదటి భాగము మురికివాడల తొలగింపును గురించినది. ఇక్కడ విద్యార్థులకొక సందేహము కలుగవచ్చును: "పాడుపడిన ఇండ్లున్న నేల చౌకగా దొరకవలెను గదా! వ్యాపారులే కొని క్రొత్త ఇండ్లు ఏల కట్టరాదు?"

నిజమునకు ఆ నేల చౌక కాదు. అది నగరము నడుమ, పని దొరకు చోట్లకు దగ్గరగా ఉండును. ఒక కుటుంబముండవలసిన ఇంటిలో నాలుగు కుటుంబములుండి అద్దె చెల్లించును. ఇల్లు ఎంత శిథిలమైనను అద్దెలు వచ్చుచున్నంతకాలము యజమాని దానిని తక్కువ ధరకు అమ్మడు. పైగా నేల నూరుమంది చేతులలో ముక్కలుగా ఉండును. ఒక్కరు కాదన్నను పథకము చెడును.

చట్టము దీనికి రెండు ఉపాయములు చూపెను. నగర సంస్థ ప్రజోపయోగార్థము నేలను నష్టపరిహారమిచ్చి స్వాధీనపరచుకొనును. ఇండ్లను పడగొట్టి, నేలను చదునుచేసి, పథకము ప్రకారము కట్టువారికి అమ్మును. అమ్మకములో వచ్చు నష్టమున మూడింట రెండు వంతులు కేంద్రప్రభుత్వము భరించును. మిగిలిన వంతు నగరముది. ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణము చూడుడు:

నేల కొనుటకు, చదును చేయుటకు ఖర్చు 30 లక్షల డాలర్లు. అమ్మగా వచ్చినది 12 లక్షలు. నష్టము 18 లక్షలు. ఇందు కేంద్రము ఇచ్చునది 12 లక్షలు. నగరము పెట్టునది 6 లక్షలు.

ఇందుకై చట్టము 100 కోట్ల డాలర్ల అప్పులకును, 50 కోట్ల డాలర్ల గ్రాంటులకును అనుమతి నిచ్చెను.

రెండవ లెక్క

మురికివాడనుండి లేచిపోవువారు ఎక్కడికి పోవలెను? వారికి వారి శక్తికి తగిన అద్దెలో మంచి ఇండ్లు చూపవలెనని చట్టమే చెప్పెను. అంతేగాక ఆరేండ్లలో 8,10,000 ప్రభుత్వ గృహములు కట్టుటకు మరియొక భాగములో అనుమతి నిచ్చెను.

ఈ ఇండ్లకు డబ్బు సమకూర్చు పద్ధతి ఇది: స్థానిక గృహవసతి సంస్థ ఋణపత్రములు అమ్మి ఇండ్లు కట్టును. ఆ ఋణమును, వడ్డీని తీర్చుటకు కేంద్రము ఏటేట సొమ్మిచ్చును. అద్దెలతో మరమ్మతులు, జీతములు మొదలగు నిర్వహణ ఖర్చులు మాత్రము గడువవలెను. కట్టుబడి ఖర్చు అద్దెలో చేరదు గనుక అద్దె తక్కువగా ఉండును.

ఇట్లు కాగితముమీద రెండు లెక్కలును సరిపోయినవి. ఒక చేయి పడగొట్టును. మరియొక చేయి కట్టును. కాని ఆ రెండు చేతులును ఒకే వేగముతో కదలలేదు. 1950లో కొరియా యుద్ధము మొదలయ్యెను. తరువాతి సంవత్సరములలో కాంగ్రెసు ప్రభుత్వ గృహముల సంఖ్యను బాగుగా తగ్గించెను. ఆరేండ్లలో కావలసిన పనికి సుమారు ఇరువది ఏండ్లు పట్టెను. పడగొట్టుట మాత్రము ముందుకు సాగెను.

వాషింగ్టనులో జరిగినది

రాజధాని నగరపు నైరుతి భాగమును ఉదాహరణముగా తీసికొందము. అచటి ఒక పేటలో 5,012 మంది నివసించుచుండిరి. వారిలో నూటికి 97.5 మంది నల్లజాతివారు. ఇండ్లలో నూటికి 64.3 మరమ్మతుకు లొంగనివి, 57.8 ఇండ్లకు మరుగుదొడ్డి బయట, 60.3 ఇండ్లకు స్నానపు వసతి లేదు, 29.3 ఇండ్లకు విద్యుత్తు లేదు. ఇట్టి ఇండ్లు పోవలసినవే యనుటలో సందేహము లేదు.

కాని అదే పేటలోని ఒక దుకాణము యజమాని, తన కట్టడము మురికివాడ కాదనియు, దానిని తీసికొని మరియొక వ్యాపారికి అమ్ముట న్యాయము కాదనియు కోర్టుకెక్కెను. 1954 నవంబరులో సుప్రీము కోర్టు ఏకగ్రీవముగా ప్రభుత్వ పక్షమున తీర్పు చెప్పెను. పేటను మొత్తముగా బాగుచేయునపుడు ఒక్కొక్క కట్టడమును విడదీసి చూడ నక్కరలేదని ఆ తీర్పు సారాంశము. దీనితో నగరముల అధికారము మిక్కిలి విస్తృతమయ్యెను.

ఇక అమ్మకపు లెక్కను మరల చూడుడు. నేలకు ఎక్కువ ధర ఇచ్చువాడు పేదలకు ఇండ్లు కట్టువాడు కాడు. ధనికులకు మేడలు, కార్యాలయములు కట్టువాడు. వానివలన నగరమునకు పన్నులును ఎక్కువ వచ్చును. కనుక ఎవరి దురుద్దేశము లేకున్నను లెక్కయే నగరములను ఆ దారి పట్టించెను. బోస్టను నగరములో వెస్ట్ ఎండ్ అను పేటను 1958 నుండి పడగొట్టి, అచట ఖరీదైన అద్దె మేడలు కట్టిరి. దేశమంతట ఈ పథకముల మూలమున సుమారు 3 లక్షల కుటుంబములు ఇండ్లు విడిచిపోయినవి. వారిలో నల్లజాతివారు తమ జనసంఖ్యకు మించిన పాలు. ఇల్లు వెదకికొన బోవు నల్లజాతి కుటుంబమునకు అనేక పేటలలో ప్రవేశమే లేకుండెను గనుక, వారు మరియొక ఇరుకు పేటకే చేరవలసివచ్చెను.

మేడలు ఏల కూలినవి?

ప్రభుత్వము కట్టిన ఇండ్లకును చిక్కులు వచ్చినవి. సెయింట్ లూయిస్ నగరములో ప్రూయిట్-ఐగో అను పేర 33 మేడలు, ఒక్కొక్కటి 11 అంతస్తులతో, మొత్తము 2,870 వాటాలు 1950లలో కట్టిరి. 1972లో వానిని ప్రేలుడు పదార్థములతో పడగొట్టనారంభించి 1976 నాటికి ముగించిరి.

తప్పు ఎత్తైన మేడలదే అని పలువురనిరి. ఆ మేడలలో లిఫ్టులు మూడంతస్తుల కొకసారి మాత్రమే ఆగుట వంటి లోపములుండుట నిజమే. కాని మూలము లెక్కలో ఉన్నది. నిర్వహణ ఖర్చు అద్దెలనుండియే రావలెను గదా! 1950లో 8,56,796 మంది ఉన్న ఆ నగరములో 1970 నాటికి 6,22,236 మందియే మిగిలిరి. వాటాలు ఖాళీయయ్యెను, అద్దెలు తగ్గెను, మరమ్మతులు ఆగెను, మరమ్మతులు లేనందున మరికొందరు వెడలిరి. ఉన్నవారిపై అద్దె పెంచగా వారు 1969లో అద్దె చెల్లించుట మానిరి. ఆ సంవత్సరమే కాంగ్రెసు, ప్రభుత్వ గృహములలో అద్దె కుటుంబ ఆదాయములో నాలుగవ వంతు మించరాదని నిర్ణయించెను. 1970లో, ఇండ్లు పోగొట్టుకొన్నవారికి తగిన సహాయము చేయవలెనను చట్టము వచ్చెను. 1974లో పాత నగర పునరుద్ధరణ పద్ధతి ముగిసెను.

మనము గ్రహింపవలసినది

1949 నాటి శాసనకర్తలు చూపిన లక్ష్యము గొప్పది. మరుగుదొడ్డి లేని ఇంటిని మెచ్చుకొనువారు ఎవరును ఉండరు. కాని పడిన ఇండ్లను లెక్కించినంత శ్రద్ధగా లేచిపోయిన కుటుంబములను లెక్కించలేదు. గణితోపాధ్యాయులు పైనిచ్చిన 30 లక్షల లెక్కను తరగతిలో చేయించి, చివర ఒక్క ప్రశ్న అడుగవచ్చును: "ఈ లెక్కలో, ఆ వాడలో నిన్నటిదాక కాపురమున్న కుటుంబము ఏ అంకెలో ఉన్నది?" ఏ అంకెలోను లేదని విద్యార్థులు కనుగొన్నచో పాఠము నేర్చినట్లే.