న్యూట్రిషనిస్ట్, నేచురోపతి డాక్టర్: రెండూ ఒకటేనా?

రీల్స్‌లో ఈ మధ్య ఇలాంటి బయోలు చూసే ఉంటారు: "న్యూట్రిషనిస్ట్, నేచురోపత్, హెల్త్ కోచ్". మూడూ ఒకటే అనుకుంటాం కదా? కాదండి. అసలు ఒక న్యూట్రిషనిస్ట్ ప్రకృతి వైద్యంలోకి ఎలా వెళ్తారో ఈరోజు చూద్దాం.

మొదటి దారి న్యూట్రిషన్. డిగ్రీ, తర్వాత ఎమ్మెస్సీ. ఆపైన హాస్పిటల్‌లో ఇంటర్న్‌షిప్ చేసి, ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష పాసైతే రిజిస్టర్డ్ డైటీషియన్ అంటారు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఈ రంగంలో పెద్ద పేరు. అది 1918లో తమిళనాడులోని కూనూర్‌లో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలైంది.

రెండో దారి నేచురోపతి. అమీర్‌పేట అంటే మనకి జావా కోచింగే గుర్తొస్తుంది. కానీ అక్కడే ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం, గాంధీ నేచురోపతి మెడికల్ కాలేజీ కూడా ఉన్నాయి. అక్కడి డిగ్రీ పేరు బీఎన్‌వైఎస్. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం ఐదున్నరేళ్లు. అనాటమీ, ఫిజియాలజీ, రోగ నిర్ధారణ, ఆ తర్వాత ఉపవాసం, నీటి చికిత్స, మట్టి పట్టీలు, యోగా.

మరి న్యూట్రిషనిస్టులు ఇటు ఎందుకు వస్తారు? కారణం సింపుల్. డైట్ చార్ట్ చేతికిచ్చి పంపిస్తే చాలామంది పాటించరు. నిద్ర, నడక, ఒత్తిడి, తిండి అన్నీ కలిపి చూడాలని వాళ్లకి అనుభవంలో అర్థమవుతుంది. అది మంచి ఆలోచనే. కానీ ఎమ్మెస్సీ ఉన్నా, వారం రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్ తోడైనా, అది బీఎన్‌వైఎస్‌కి సమానం కాదు. మా ఆఫీస్ భాషలో చెప్పాలంటే, ఫ్రంట్ ఎండ్ రాసేవాడికి ప్రొడక్షన్ డేటాబేస్ పాస్‌వర్డ్ ఇవ్వరు. వాడికి తెలివి లేక కాదు, అది వాడి పని కాదు కాబట్టి.

ఇదంతా ఎందుకంటే, మా పెద్దమ్మ ఒక వీడియో చూసి ఫోన్ చేసింది: "ఒరే, మూడు రోజులు జ్యూస్ ఉపవాసం చేస్తే షుగర్ మాత్ర మానేయొచ్చంట, నిజమేనా?"

గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర క్లోమం నుంచి ఇన్సులిన్‌ని విడుదల చేయిస్తుంది. మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగర్ 70 కన్నా కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక, ముదిరితే స్పృహ తప్పడం. పోనీ మాత్రే మానేద్దామంటే, షుగర్ అదుపు తప్పొచ్చు. టైప్ 1 వాళ్లు ఇన్సులిన్ ఆపితే కీటోఅసిడోసిస్ వచ్చి ప్రాణానికే ముప్పు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి కొబ్బరినీళ్లు, పళ్ల రసాలు కూడా ప్రమాదమే. వాటిలోని పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది.

మంచి న్యూట్రిషనిస్ట్ ఇక్కడే తెలుస్తారు. మీరు వాడే మందుల లిస్ట్ ముందు అడుగుతారు. "మీ డాక్టర్‌తో మాట్లాడాకే డోస్ మారుద్దాం" అంటారు. "మందులన్నీ ఆపేయండి, నేను చూసుకుంటా" అనేవాళ్ల దగ్గర్నుంచి మాత్రం లేచి వచ్చేయండి.

కాబట్టి ఎవరి దగ్గరికి వెళ్లినా మూడు అడగండి: ఏం చదివారు? ఎక్కడ రిజిస్టర్ అయ్యారు? నా మందుల సంగతి ఎవరు చూస్తారు? ఇలా అడగడం అమర్యాదేం కాదు. ఇంట్లో పెద్దవాళ్లకి ఇలాంటి వీడియోలు ఫార్వర్డ్ చేసే ముందు కూడా ఇవే చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.