గుద్దిందెవరు?

జగిత్యాల టవర్ సర్కిల్‌లోనో, కోరుట్ల బస్టాండు ముందో ఒక కారు ఇంకో కారును రాసుకుంటూ పోయిందనుకోండి. జనం గుమిగూడతారు. మామూలుగా అయితే "దెబ్బలేమన్న తాకినయా?" అని అడుగుతారు. స్టీరింగ్ ముందు ఆడమనిషి కనబడిందంటే ఆ మాట వెనక్కిపోయి, "ఎవలిచ్చిండ్రే ఈమెకు లైసెన్సు?" అన్నది ముందుకొస్తుంది. బ్రేకు ఫెయిలైందా, ఎదుటి బండి రాంగ్ రూట్లో వచ్చిందా అన్నవి ఆ తర్వాతి సంగతులు. కార్లు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే అమెరికా స్టాక్ కార్ రేసుల్లోనూ ఇదే పంచాయితీ. డెబ్భై ఏళ్లు దాటినా తెగడం లేదు.

బిల్ ఫ్రాన్స్ 1948లో నాస్కార్ సంస్థను పెట్టిన కొత్తలో షోరూం నుంచి తెచ్చిన కార్లతోనే పోటీలు జరిగేవి. ఇప్పుడు ఫోర్డ్, షెవర్లే, టొయోటా పోలికలు పైపైనే. లోపల ఉక్కు గొట్టాల చట్రం, వీ8 ఇంజిను, మొత్తం బరువు టన్నున్నర దాకా ఉంటుంది. డేటోనా ట్రాక్ ఒక చుట్టు 4 కిలోమీటర్లు. మలుపుల్లో రోడ్డు 31 డిగ్రీలు ఒక పక్కకు లేచి గోడలా కనిపిస్తుంది. దాని మీద 40 కార్లు ఒకదాని తోకను ఒకటి పట్టుకున్నట్టు పోతాయి. ముందు కారు గాలిని చీలుస్తుంటే వెనక కారుకు ఆ మేరకు భారం తగ్గుతుంది కాబట్టి ఎవరూ దూరం జరగరు. బంపర్‌తో తట్టడం, పక్క తలుపును రాయడం ఈ ఆటలో తప్పుకాదు. ఒక్క కారు అదుపు తప్పితే వెనక పది పదిహేను కార్లు కుప్పపడతాయి. అలాంటి పెద్ద గుద్దులాటకు వాళ్లు పెట్టుకున్న పేరు 'బిగ్ వన్'. అందులో ఇరుక్కోవడానికి డ్రైవర్ తప్పు చేసి ఉండాల్సిన పనిలేదు, అక్కడ ఉంటే చాలు.

ఆడవాళ్ల గుద్దులాటకు ఈ ఆటలో మొదటి నుంచీ గిరాకీ ఉంది. దక్షిణ కరోలినాకు చెందిన లూయిస్ స్మిత్ కథ చూడండి. 1947లో ఇంటి కొత్త ఫోర్డు కారు వేసుకుని డేటోనాకు రేసు చూడటానికి పోయింది. ఊరుకోలేక పోటీలో దిగింది, కారును పల్టీ కొట్టించింది. దారిలో కారు చెడిపోయిందని మొగుడికి చెబితే, ఆయన పత్రికలో అచ్చయిన నుజ్జు కారు ఫొటోను ఆమె ముందు పెట్టాడని ఇప్పటికీ చెప్పుకొంటారు. నిర్వాహకులకు అది నచ్చింది. ఆమె వస్తే టికెట్లు తెగుతాయి! ఆమె గెలిచిన 38 రేసుల కంటే ఆమె పల్టీలే ఎక్కువ మందికి గుర్తుండిపోయాయి. 1999లో ఇంటర్నేషనల్ మోటార్ స్పోర్ట్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కిన మొదటి మహిళ ఆమే అన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

అమెరికా డ్రైవర్ డానికా పాట్రిక్ నాటికి టికెట్ల స్థానంలో టీవీ వచ్చింది. పదేళ్లకే కార్టింగ్, పదహారేళ్లకు ఇంగ్లండు ప్రయాణం, 2008లో జపాన్‌లోని మోటెగిలో ఇండీకార్ విజయం. ఆ స్థాయిలో గెలిచిన మొదటి మహిళ. ఆ పేరు మీదే ఆమె స్టాక్ కార్లకు మారింది. 2012 డేటోనా 500లో రెండో చుట్టులోనే, ఎవరో ఎవరినో తాకిన గొడవలో ఆమె కారు నలిగింది. అదే గుద్దులో అప్పటికి ఐదుసార్లు చాంపియన్ అయిన జిమ్మీ జాన్సన్ కూడా రేసు పోగొట్టుకున్నాడు. ఆయనకు డ్రైవింగ్ వచ్చా అని ఎవరూ అడగలేదు. మరుసటి ఏడాది అదే డేటోనాలో ఆమె పోల్ పొజిషన్ (అందరికన్నా ముందు మొదలయ్యే చోటు) కొట్టి ఎనిమిదో స్థానంలో ముగించింది.

2017 మే 13 రాత్రి కాన్సాస్‌లో జరిగింది మాత్రం తీరిగ్గా చూడాలి. తోటి డ్రైవర్ జోయి లొగానో కారులో బ్రేక్ రోటర్ విరిగింది. ఆ వేగంలో బ్రేక్ డిస్కు చిట్లితే డ్రైవర్ చేయగలిగిందేమీ లేదు. అతని కారు అడ్డంగా తిరిగి పక్కనున్న పాట్రిక్ కారును గోడకు కొట్టింది. ఆమె కారు ముందు భాగంలో మంట లేచింది. వెనక నుంచి వస్తున్న ఆరిక్ ఆల్మిరోలా కారు చిందిన నూనె మీద జారి వచ్చి వాళ్లను ఢీకొని గాల్లోకి లేచింది. అతనికి వెన్నుపూస విరిగింది. పాట్రిక్ నడుచుకుంటూ బయటికొచ్చింది. 2001లో డేటోనా రేసులో డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ చనిపోయాక మెడను పట్టి ఉంచే హాన్స్ పరికరం తప్పనిసరైంది, గోడలకు ఉక్కు, నురుగు పొరలు వచ్చాయి. ఆమెను కాపాడింది అవే. ఇంతా అయ్యాక యూట్యూబ్‌లో మిగిలిన శీర్షికల్లో పేరు మాత్రం ఎక్కువగా డానికాదే.

అలాగని ఆమె లెక్క గొప్పదని నేననను. నాస్కార్‌లో పై మెట్టయిన కప్ సిరీస్‌లో 191 రేసులు ఆడితే మొదటి పదిలో నిలిచింది ఏడుసార్లు, మొదటి ఐదులో ఒక్కసారీ లేదు. ఆమె ఆడిన స్టీవర్ట్-హాస్ టీము కారుతోనే కెవిన్ హార్విక్ 2014లో చాంపియన్ అయ్యాడు. 2018లో ఆఖరి ఇండీ 500లో 68వ చుట్టులో ఆమె గోడను కొట్టింది. అది ఆమె సొంత తప్పే. విమర్శించేవాళ్ల దగ్గర సరుకు లేకపోలేదు. కాకపోతే ఆ సరుకును ఏ తక్కెడలో తూస్తున్నారన్నదే చూడాలి. నార్త్ కరోలినాలోనో వర్జీనియాలోనో పుట్టిన పిల్లాడు పద్నాలుగు పదిహేనేళ్లకే ఊరి పక్క చిన్న ట్రాక్‌లో కార్లు పగలగొట్టుకుంటాడు. చూసేది తండ్రి, మెకానిక్కు, ఇద్దరు చుట్టాలు. పాట్రిక్ చిన్నప్పుడు నేర్చుకున్నది వేరే జాతి కార్లమీద. స్టాక్ కార్లలో ఆమె ఫీజు కట్టింది ముప్పైకి అటూ ఇటూగా, కోట్ల మంది చూస్తుండగా. స్పాన్సర్ మీద నిలిచిన సీటు, స్పాన్సర్‌తో పేచీ వచ్చిన 2017 సీజన్‌తోనే పోయింది.

కేథరిన్ లెగ్ కథ ఇంకా కటువు. ఇంగ్లండుకు చెందిన ఈమె 2006లో రోడ్ అమెరికా ట్రాక్‌లో వెనక రెక్క విరిగి కారు ఫెన్సింగ్‌లోకి ఎగిరినా బతికి బయటపడింది. 2025 మార్చిలో, 44 ఏళ్ల వయసులో, ఫీనిక్స్‌లో కప్ సిరీస్‌లో దిగింది. పాట్రిక్ తర్వాత ఏడేళ్లకు ఒక మహిళ రావడం అదే. ప్రాక్టీసుకు దొరికింది గంట కూడా లేదు. మొదట్లోనే ఒకసారి కారు తిరిగింది. తర్వాత మళ్లీ తిరిగి డేనియల్ సువారెజ్‌ను కూడా ఆ గుద్దులోకి లాగింది. తప్పు ఆమెదే. ఏప్రిల్‌లో రాకింగ్‌హామ్‌లో ఇంకో గుద్దు. ఆ తర్వాత చంపుతామన్న బెదిరింపులు వచ్చాయని ఆమే చెప్పింది. జులైలో చికాగో వీధుల్లో 19వ స్థానం, ఇండియానాపొలిస్‌లో 17వ స్థానం తెచ్చుకుంది. మార్చికీ జులైకీ మధ్య మారింది ఆమె తిరిగిన చుట్ల సంఖ్యే.

ఈ లెగ్ 2014లో ఫార్ములా ఈ పోటీల మొదటి సీజన్‌లోనూ కారు నడిపింది. ఆ ఫార్ములా ఈ మన హైదరాబాద్‌కు వచ్చింది 2023 ఫిబ్రవరి 11న. అప్పటి మంత్రి, సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ పట్టుబట్టి తెప్పించిన రేసు. హుస్సేన్ సాగర్ పక్కన ఆ రోజు పరుగెత్తిన 22 కార్లలో ఒక్క దాంట్లోనూ మహిళ లేదు. అంతకు కొద్ది నెలల ముందే మొదలైన ఇండియన్ రేసింగ్ లీగ్ ఈ విషయంలో నయం. ప్రతి టీములో ఒక మహిళా డ్రైవర్ ఉండాలన్నది దాని నిబంధన. ఆ సీట్లలో కూర్చున్నవాళ్లలో విదేశీయులే ఎక్కువ. మన పిల్లలు తయారుగా లేనప్పుడు నిబంధన ఒక్కటే ఏం చేస్తుంది?

జగిత్యాల, సిరిసిల్ల పల్లెలకు ఈ ముచ్చట కొత్తగా ఉండొచ్చు గానీ దూరం కాదు. సౌదీలో ఖఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇంట్లో హౌస్ డ్రైవర్‌గా చేసి వచ్చినవాళ్లు ఇక్కడ ఏ వాడలో అడిగినా దొరుకుతారు. ఆ ఇంటి మేడమ్‌కు కారు నడిపే హక్కు లేకపోవడం మనవాళ్ల ఉపాధికి ఒక ఆధారంగా ఉండేది. 2018 జూన్ 24న ఆ దేశం ఆడవాళ్ల చేతికి స్టీరింగ్ ఇచ్చింది. ఏడాదిన్నర కూడా తిరగకముందే రీమా జుఫాలీ అనే సౌదీ యువతి రియాద్ పక్కన దిరియాలో రేసు కారు నడిపింది. రేసు మాట అటుంచితే, మొగుడు దుబాయ్‌లో, మస్కట్‌లో ఉండగా బండి నేర్చుకుని పిల్లల్ని బడికీ అత్తమామల్ని కరీంనగర్ దవాఖానకూ తిప్పుతున్న ఆడవాళ్లు మన దగ్గరా ఉన్నారు. వాళ్ల కూతుళ్లు ఏడెనిమిదేళ్లప్పుడే కార్టు ఎక్కాలంటే హైదరాబాద్ పోవాలి. అసలు ట్రాక్ చూడాలంటే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైకో, కోయంబత్తూరుకో పోవాలి.

అమెరికాలో 2025లో కింది మెట్ల మీద ఇసబెల్లా రొబుస్టో, టోనీ బ్రైడింగర్ లాంటివాళ్లు పూర్తి సీజన్లు ఆడారు. హేలీ డీగన్ 2024లో సీజన్ మధ్యలోనే సీటు పోగొట్టుకుంది. నా అంచనా అడిగితే, ఆశ రొబుస్టో తరం మీదే. చిన్న ట్రాకుల్లో కార్లు పగలగొట్టుకునే వయసులోనే వాళ్లకు మంచి కార్లు దొరుకుతున్నాయి. ఐదేళ్ల పాటు ఆ సీటు తీసేయకుండా ఉంచితే కప్ సిరీస్‌లో మొదటి ఐదుగురిలో మళ్లీ ఒక అమ్మాయి పేరు కనబడుతుంది. 1949లో సారా క్రిస్టియన్ అనే జార్జియా మహిళ పెన్సిల్వేనియాలోని హైడెల్‌బర్గ్ ట్రాక్‌లో ఐదో స్థానం తెచ్చుకుంది. 2025 సీజన్ ముగిసేనాటికీ ఆ సిరీస్‌లో మహిళలకు దక్కిన అత్యుత్తమ స్థానం అదే.