‘వేడి చేసింది’ అంటే చాలదు



మార్చి నెల దాటిందంటే నా దవాఖానాలో రోజుకు పదిసార్లు వినబడే మాట ఒకటుంది: “హకీమ్ సాబ్, వేడి చేసింది.” నోట్లో పుండు లేస్తే వేడి. మూత్రం మంటగా వస్తే వేడి. పిల్లవాడికి సెగ్గడ్డ లేచినా, ముక్కు నుంచి రక్తం కారినా వేడే. ఎండలో తిరిగి సొమ్మసిల్లి పడిపోయినా అదే మాట. ఇన్ని బాధలకు ఒక్కటే పేరు పెడితే వైద్యుడికి ఏం తెలుస్తుంది? అందుకే ఈ వారం మందుల కంటే ముందు మాటల సంగతి చూద్దాం.

మనకు ఎండాకాలపు మాటలకు కరువు లేదు. గాలి ఆడక, ఒళ్ళంతా చెమటతో తడిసి, చొక్కా వీపుకు అంటుకుపోయేది ఉక్క. ఉక్కపోత అన్నా అదే. గాలి వీస్తూనే ముఖాన్ని కాల్చేది వడగాలి. పొయ్యి ముందర, రేకుల కప్పు కింద తగిలేది సెగ. ఉర్దూలో ఉక్కను హబ్స్ అనీ ఉమస్ అనీ, వడగాలిని లూ అనీ అంటాం. ఇక్కడి కన్నడ ఇరుగుపొరుగు వారు సెకె అంటారు. ఇన్ని మాటలు ఇంట్లో వాడుకుంటూనే, వైద్యుడి ముందు కూర్చోగానే అన్నిటినీ ‘వేడి’లో కలిపేస్తాం.

యూనానీ వైద్యంలో మనిషి ఆరోగ్యానికి తప్పనిసరైన ఆరు విషయాలు చెప్పారు. వాటిలో మొదటిది చుట్టూ ఉన్న గాలి. వడగాలి గుణం వేడి, పొడి. దీన్ని హార్ యాబిస్ అంటాం. ఉక్క గుణం వేడి, తడి. ఇది హార్ రతబ్. నేటి వైద్యం కూడా ఈ తేడాను కాదనదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఉక్కలో చెమట ధారగా కారుతుందే గానీ ఆరదు, అందుకని వేడి లోపలే ఉండిపోతుంది. వడగాలిలో చెమట పట్టిన మరుక్షణమే ఆరిపోతుంది. ఒళ్ళు తడిగా లేదు కదా అని మనం నీళ్ళు తాగం. లోపల నీరు, ఉప్పు రెండూ తరిగిపోతూ ఉంటాయి.

మన దొడ్డబళ్ళాపురంలో ఈ రెండూ ఒకే వీధిలో కనిపిస్తాయి. ఏప్రిల్‌లో బయట ఎండ పొడిగా కాలుస్తుంది. అదే వీధిలో పవర్‌లూమ్ షెడ్డులోకి అడుగుపెట్టండి. గాలి తగిలితే పట్టు పోగు ఎండి తెగుతుందని కిటికీలు మూసి ఉంచుతారు. పైన రేకు, కింద మోటార్ల వేడి, మధ్యన మనిషి. అక్కడ ఉన్నది ఉక్క, సెగ కలిసిన వేడి. మధ్యాహ్నం టీకి బయటికి వచ్చినవాడు తడి వేడిలో నుంచి పొడి వేడిలోకి వస్తాడు. సాయంత్రానికి తలనొప్పి, పిక్కలు పట్టేయడం. “వేడి చేసింది సాబ్” అంటాడు.

మనది మెట్ట ప్రాంతం, చల్లని ఊరు అనే ధీమా కూడా ఒకటుంది. మైదాన ప్రాంతాల్లో ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరితేనే వాతావరణ శాఖ వడగాడ్పుల లెక్కలోకి తీసుకుంటుంది. 2016 ఏప్రిల్‌లో బెంగళూరు పాత రికార్డు దాటినప్పుడు కూడా నమోదైంది 39.2 డిగ్రీలే. హెచ్చరిక రాలేదంటే ప్రమాదం లేదని కాదు. రేకుల షెడ్డులో ఎంత వేడి ఉందో రేడియో చెప్పదు.

నా పొరపాటు కూడా ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక నేత కార్మికుడు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. “అబ్బాకు వేడి చేసింది, ఏమివ్వమంటారు?” రోగులు బారులు తీరి ఉన్నారు. సబ్జా గింజలు నానబెట్టి గులాబీ షర్బత్‌లో ఇవ్వమని చెప్పి పెట్టేశాను. అసర్ వేళకు ఆటోలో తీసుకొచ్చారు. పెద్దాయన ఒళ్ళు పెనంలా కాలుతోంది, చర్మం పొడిగా ఉంది, కొడుకును ఎవరో అనుకుని వేరే పేరుతో పిలుస్తున్నారు. నేను ఏ సీసా మూతా తీయలేదు. బట్టల మీద నీళ్ళు పోసి, విసురుతూ ఆసుపత్రికి పంపాను. ప్రాణం దక్కింది. మునుపటి నడక మాత్రం తిరిగి రాలేదు. ఫోన్‌లో “చెమట పడుతోందా? మాట సరిగా ఉందా?” అని నేను అడిగి ఉండాల్సింది.

కాబట్టి ఇలా చెప్పడం అలవాటు చేసుకోండి. “షెడ్డులో ఉక్కపోసింది, చెమట బాగా పోయింది, పిక్కలు లాగుతున్నాయి.” “వడగాలిలో నడిచి వచ్చాను, చెమట లేదు, పొద్దుటి నుంచి మూత్రం రాలేదు.” “ఎండకు పోలేదు, రెండు రోజులుగా మూత్రం మంట.” మూడూ మీ దృష్టిలో వేడే. నాకు మాత్రం ఇవి మూడు వేర్వేరు జబ్బులు.

ఉక్కకు ముందు గాలి కావాలి, తర్వాత ఉప్పు కలిపిన నిమ్మరసం లేదా పల్చటి మజ్జిగ. చెమట మరీ పోయి నీరసిస్తే, ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దాని మీద రాసినన్ని నీళ్ళలో కలిపి తాగాలి. పొడి వేడికి చల్లదనంతో పాటు తడి ఇచ్చేవి మంచివి: కీరా దోస, గంగపాయల కూర, సిరకా, తేనెతో చేసే సికంజబీన్, చందనపు షర్బత్. ఇవన్నీ మనిషి తెలివిగా, కూర్చుని మాట్లాడుతున్నప్పుడే.

మాట తడబడినా, మనిషిని గుర్తుపట్టకపోయినా, మూర్ఛ వచ్చినా అది వడదెబ్బ అనుకోండి. చెమట పడుతున్నా సరే. బరువు పని చేసేవారికి చెమటతోనే వడదెబ్బ తగులుతుంది. 108కి ఫోన్ చేయండి. నీడలో పడుకోబెట్టి, ఒళ్ళంతా తడిపి, విసరండి. మెడ మీద, చంకల్లో, గజ్జల్లో చల్లని తడిగుడ్డలు పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో షర్బత్ కాదు కదా, చుక్క నీళ్ళు కూడా పోయకండి. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు.

షుగర్ ఉన్నవారికి పై షర్బత్‌లు నేను చెప్పడం లేదు. రక్తపోటు, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఉప్పు నీళ్ళ విషయం తమ డాక్టరును అడగాలి. మూత్రం ఎక్కువగా పోయేందుకు మాత్రలు వాడుతున్న పెద్దలను ఎండాకాలంలో మరింత కనిపెట్టి ఉండండి. మాత్రలు మీ అంతట మీరు మానేయకండి. నా దగ్గరికి వచ్చేటప్పుడు ఆ మందుల చీటీ వెంట తెచ్చుకోండి.