హఠాన్మరణాలకు కోవిడ్ టీకాయే కారణమా? అపోహలు – వాస్తవాలు

యువకుడెవరైనా వ్యాయామశాలలోనో పెళ్లి బరాత్‌లోనో ఉన్నట్టుండి కుప్పకూలిన దృశ్యం ఫోన్లలో తిరిగిన ప్రతిసారీ, కోవిడ్ టీకాయే ప్రాణం తీసిందన్న మాట దాని వెంటే వస్తున్నది. ఆ భయం అక్కడితో ఆగక, పెద్దలు వేయించుకోవలసిన ఇతర టీకాల మీద కూడా అనుమానం పెంచుతున్నది.

ఈ ప్రశ్నకు 2023లోనే సమాధానం వచ్చింది. అంతవరకు ఆరోగ్యంగా ఉండి కారణం తెలియకుండా మరణించిన 18–45 ఏళ్ల వారు 729 మందిని, అదే వయసుకూ ప్రాంతానికీ చెంది జీవించి ఉన్న 2,916 మందితో భారత వైద్య పరిశోధన మండలి 47 ఆసుపత్రుల ద్వారా పోల్చి చూడగా, టీకా వల్ల మరణముప్పు పెరగలేదనీ, రెండు డోసులూ తీసుకున్నవారిలో అది తగ్గిందనీ తేలింది. ముప్పు పెంచినవి వేరు: కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరవలసి రావడం, కుటుంబంలో హఠాన్మరణాలు ఉండటం, మరణానికి ముందు 48 గంటల్లో అతిగా మద్యం తాగడం, తీవ్రంగా శ్రమించడం. ఇంత స్పష్టంగా తేలిన తరువాత కూడా టీకానే నిందించడం క్షమించరానిది, ఎందుకంటే నిజంగా ముప్పున్నవారు గుండె పరీక్ష చేయించుకోవాలన్న ఆలోచనకే అది అడ్డుపడుతుంది.

అయితే టీకా మీది భయంలో రవ్వంత నిజం ఉన్నదని ఒప్పుకోక తప్పదు. కోవిషీల్డ్ తరహా టీకా తరువాత రక్తం గడ్డకట్టి, ప్లేట్‌లెట్లు పడిపోయే టీటీఎస్ అనే స్థితి అత్యంత అరుదుగా రావచ్చునని ఆస్ట్రాజెనెకా సంస్థ బ్రిటన్ న్యాయస్థానంలో అంగీకరించినట్లు 2024లో వెల్లడైంది. కానీ అది సాధారణంగా తొలి వారాల్లోనే బయటపడుతుంది కనుక ఏళ్ల తరువాతి మరణాన్ని దానికి అంటగట్టలేరు.

బస్తీవాసులు అజ్ఞానం వల్లనే టీకాకు దూరమవుతారన్న చదువుకున్నవారి నమ్మకమూ అపోహే. 2021 మేలో 18–44 ఏళ్ల వారు కోవిన్‌లో ముందుగా స్లాట్ నమోదు చేసుకోవలసి వచ్చినప్పుడు, స్మార్ట్‌ఫోన్ లేని దినకూలీని వెనక్కు నెట్టింది ఆ ఏర్పాటే. ఆ ఏడాది ఆగస్టు 23 నుంచి హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీతో పాటు సికింద్రాబాద్ కంటోన్మెంట్ కాలనీలకూ టీకా వాహనాలు కదిలిన తరువాత ఆ దూరం తగ్గింది. నేటికీ సార్వత్రిక టీకా కార్యక్రమం ప్రధానంగా పిల్లలకూ గర్భిణులకూ ఉద్దేశించినదే కావడంతో, ఫ్లూ, న్యుమోనియా టీకాలను వృద్ధులు చాలావరకు సొంత డబ్బుతోనే కొనుక్కోవలసి వస్తున్నది.

ఇతర టీకాల మీదా ఇలాంటి పాత భయాలున్నాయి. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులన్నది ఎప్పుడో కాలం చెల్లిన మాట. ఇప్పుడు చేతికే వేస్తారు.

కాలనీ సంక్షేమ సంఘాలు, మహిళా పొదుపు సంఘాలు, గుడి, మసీదు, చర్చి కమిటీలు బస్తీ దవాఖానా వైద్యులనూ ఆశా కార్యకర్తలనూ పనులు లేని రోజున పిలిపించి, జనం అడిగే ప్రతి ప్రశ్నకూ అందరి ముందే జవాబు చెప్పించాలి. టీకా ఖర్చు భరించలేని వృద్ధుల జాబితాను తామే సిద్ధం చేసి ప్రభుత్వాన్ని నిలదీయాలి.